డైసెంట్రిక్ క్రోమోజోమ్‌లో ఏ సెంట్రోమియర్ పనిచేస్తోంది? క్రెస్ట్ సీరం ఒక్కటే ఎందుకు చాలదు?

మీరు అడిగినవి రెండు. ఒకటి: పాఠ్యపుస్తకంలో సెంట్రోమియర్ (విభజనలో లాగే తాళ్లు క్రోమోజోమ్‌ను పట్టుకునే చోటు) అంటే ఆల్ఫా శాటిలైట్ డీఎన్ఏ అని ఉంది, పరిశోధనా పత్రాల్లో మాత్రం సెన్‌ప్-ఏ అనే ప్రొటీన్‌కే పెద్దపీట వేస్తున్నారు, ఏది నమ్మాలి? రెండు: 13, 14 క్రోమోజోమ్‌లు అతుక్కుపోయిన రాబర్ట్‌సోనియన్ కణాల్లో (ఇలా రెండు సెంట్రోమియర్లున్న క్రోమోజోమే డైసెంట్రిక్) రెండు సెంట్రోమియర్లలో ఏది పనిచేస్తోందో తేల్చడానికి ల్యాబ్‌లో ఉన్న క్రెస్ట్ సీరం (చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా వ్యాధి రోగుల సీరం, అందులో సెంట్రోమియర్ ప్రొటీన్లను పట్టే యాంటీబాడీలుంటాయి) సరిపోతుందా?

ముందు సూటిగా చెప్తాను. మనిషి క్రోమోజోమ్‌లో సెంట్రోమియర్ ఎక్కడ ఉండాలో నిలబెట్టేది సెన్‌ప్-ఏ ఉన్న న్యూక్లియోసోములు (హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ డీఎన్ఏ చుట్టుకున్న ఉండలు). ఆల్ఫా శాటిలైట్ అందుకు అనువైన నేల మాత్రమే. రెండోదానికి జవాబు: సరిపోదు. క్రెస్ట్ సీరం చాలావరకు సెన్‌ప్-బీని పట్టుకుంటుంది. సెన్‌ప్-బీ పనిచేస్తున్న సెంట్రోమియర్ మీదా ఉంటుంది, పని మానేసినదాని మీదా ఉంటుంది. గుమ్మం పక్కన పేరు చెక్కి ఉన్నంత మాత్రాన ఇంట్లో మనుషులున్నట్టు కాదు కదా. మీకు కావలసినవి సెన్‌ప్-ఏ, సెన్‌ప్-సీ యాంటీబాడీలు.

ఇక కారణాలు. 1985లో విలియం ఎర్న్‌షా, నయోమీ రాత్‌ఫీల్డ్ స్క్లెరోడెర్మా రోగుల సీరంతో సెంట్రోమియర్ దగ్గరి మూడు ప్రొటీన్లను గుర్తించారు: సుమారు 17 కిలోడాల్టన్ల సెన్‌ప్-ఏ, 80 కిలోడాల్టన్ల సెన్‌ప్-బీ, 140 కిలోడాల్టన్ల సెన్‌ప్-సీ. మూడూ ఒకే వ్యాధి సీరంలో దొరికాయి కాబట్టి ఒకే జట్టు అనుకుంటారు చాలామంది. నిజానికి మూడూ మూడు రకాల పనులు చేస్తాయి.

సెన్‌ప్-బీ డీఎన్ఏ అక్షరాలను చదివే ప్రొటీన్. ఆల్ఫా శాటిలైట్ 171 బేసు జతల పొడవున్న ముక్క, అదే మళ్లీ మళ్లీ వస్తుంది. వాటిలో కొన్నింట్లో 17 బేసు జతల సెన్‌ప్-బీ పెట్టె ఉంటుంది. ఆ పెట్టె ఉన్నచోటల్లా సెన్‌ప్-బీ కూర్చుంటుంది, సెంట్రోమియర్ పనిచేస్తోందా లేదా అన్నది దానికి పట్టదు. వై క్రోమోజోమ్ సెంట్రోమియర్‌లో ఈ పెట్టెలు లేవు, సెన్‌ప్-బీ అక్కడ కూర్చోదు, అయినా వై ప్రతి విభజనలోనూ పంచుకోబడుతూనే ఉంది. సెన్‌ప్-బీ జన్యువు తీసేసిన ఎలుకలు కూడా బతికి పెరిగాయి. అలాగని దాన్ని దండగ ప్రొటీన్ అనకండి. అది సెన్‌ప్-సీని నిలకడగా పట్టి ఉంచడానికి తోడ్పడుతుంది. సెన్‌ప్-బీ లేని సెంట్రోమియర్లు పంపకంలో కాస్త ఎక్కువగా తప్పుతాయి.

సెన్‌ప్-ఏ వేరు. అది హిస్టోన్ హెచ్3కి బంధువు. న్యూక్లియోసోములో హెచ్3 ఉండాల్సిన చోట ఇది కూర్చుంటుంది. మనిషిలో దీని పొడవు 140 అమైనో ఆమ్లాలు. మధ్య భాగంలో, మొదటి లూప్, రెండో ఆల్ఫా హెలిక్స్ కలిసిన ప్రాంతాన్ని సెన్‌ప్-ఏ టార్గెటింగ్ డొమైన్ అంటారు. ఆ ముక్కను మామూలు హెచ్3కి అతికిస్తే ఆ హెచ్3 కూడా సెంట్రోమియర్‌కు చేరుతుంది. చిరునామా అంతా అక్కడే ఉంది. సీ-కొసన ఉన్న చివరి ఆరు అమైనో ఆమ్లాలను సెన్‌ప్-సీ గుర్తుపడుతుంది, మొదటి లూపును సెన్‌ప్-ఎన్ గుర్తుపడుతుంది. ఈ రెండూ కలిసి సీసీఏఎన్ అనే 16 ప్రొటీన్ల పునాదిని అక్కడికి రప్పిస్తాయి. ఆ పునాది మీద విభజన సమయంలో కేఎన్ఎల్1, మిస్12, ఎన్‌డీసీ80 సముదాయాలు చేరతాయి. ఈ కట్టడమే కైనెటోకోర్. మైక్రోట్యూబ్యూల్ (క్రోమోజోమ్‌ను లాగే తాడు) కొసను చేత్తో పట్టుకునేది ఎన్‌డీసీ80. ఆ ఎన్‌డీసీ80 కొసను ఆరోరా-బీ కైనేజ్ (ఫాస్ఫేట్లు తగిలించే ఎంజైము) ఫాస్ఫేట్లతో సడలిస్తూ ఉంటుంది, తప్పుగా కట్టుకున్న తాళ్లు ఊడిపోవడానికి.

సీసీఏఎన్‌లో ప్రతి ప్రొటీన్ పేరూ కంఠతా పట్టాల్సిన పనిలేదు. సెన్‌ప్-సీ, సెన్‌ప్-టీ అనే రెండు దారుల్లో సెంట్రోమియర్ నుంచి ఎన్‌డీసీ80 దాకా లంకె వెళ్తుందని గుర్తుంటే చాలు.

డీఎన్ఏ శాసించదు అనడానికి బలమైన రుజువు నియోసెంట్రోమియర్లు. 1993లో మెల్‌బోర్న్ బృందం ఒక పిల్లవాడిలో 10వ క్రోమోజోమ్ నుంచి పుట్టిన మార్కర్ క్రోమోజోమ్‌ను (మామూలు జతల్లో లేని, మారిన రూపపు క్రోమోజోమ్) వర్ణించింది. దానిలో ఆల్ఫా శాటిలైట్ లేదు. అయినా 10క్యూ25 (10వ క్రోమోజోమ్ పొడవు చేతిలో ఒక చోటు) దగ్గర మామూలు జన్యు ప్రాంతంలో కొత్త సెంట్రోమియర్ ఏర్పడి, కణం నుంచి కణానికి స్థిరంగా వెళ్లింది. ఆ తర్వాత మనుషుల్లో ఇలాంటివి వందకు పైగా నమోదయ్యాయి. అన్నింట్లోనూ సెన్‌ప్-ఏ, సెన్‌ప్-సీ ఉంటాయి, సెన్‌ప్-బీ ఉండదు. మన దేశంలో ఈ విషయం మీద పేరున్న పని బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో కౌస్తువ్ సన్యాల్ చేసినది. కాండిడా అల్బికాన్స్ అనే ఈస్టులో ఎనిమిది క్రోమోజోముల సెంట్రోమియర్లూ ఒకదానితో ఒకటి పోలిక లేని డీఎన్ఏ మీద ఉన్నాయని 2004లో వచ్చిన పత్రంలో మొదటి రచయిత ఆయనే.

దీనికి పూర్తి వ్యతిరేకం రొట్టెల ఈస్టు. అక్కడ సుమారు 125 బేసు జతల వరుసే సెంట్రోమియర్. ఆ వరుసలో ఒక్క అక్షరం సరైన చోట మారినా పని ఆగిపోవచ్చు. ఆ సెంట్రోమియర్ మీద ఉండేది ఒకే ఒక్క సెన్‌ప్-ఏ న్యూక్లియోసోము, దానికి తగులుకునేది ఒకే మైక్రోట్యూబ్యూల్. పాఠ్యపుస్తకాల్లో గందరగోళానికి సగం కారణం ఈస్టు బొమ్మను మనిషికి అంటగట్టడమే. ఇంకో కొస కూడా ఉంది: పట్టుపురుగు వంటి కొన్ని కీటకాల్లోనూ, ట్రిపనోసోములనే ఏకకణ పరాన్నజీవుల్లోనూ సెన్‌ప్-ఏ అసలు లేదు. కాబట్టి "సెన్‌ప్-ఏ లేకపోతే సెంట్రోమియర్ లేదు" అనే వాక్యం రాసేముందు ఏ జీవి గురించి రాస్తున్నారో చెప్పండి.

మరి డీఎన్ఏ వరుస చెప్పకపోతే ప్రతి తరానికీ అదే చోటు ఎలా గుర్తుంటుంది? దీని జవాబు మీ ప్రయోగానికి నేరుగా పనికొస్తుంది. డీఎన్ఏ నకలు తయారయ్యే ఎస్ దశలో పాత సెన్‌ప్-ఏ రెండు పిల్ల పోగులకూ సగం సగం పంచుకోబడుతుంది. కొత్తది అప్పుడు చేరదు. విభజన ముగుస్తుండగా, టెలోఫేజ్ (విభజన ఆఖరి మెట్టు) చివర, జీ1 (దాని తర్వాతి దశ) మొదట్లో చేరుతుంది. ముందు మిస్18 సముదాయం పాత సెన్‌ప్-ఏ ఉన్న చోటికి వస్తుంది. తర్వాత హెచ్‌జేయూఆర్‌పీ అనే ప్రత్యేక చాపరోన్ (హిస్టోన్‌ను మోసే ప్రొటీన్) కొత్త సెన్‌ప్-ఏను మోసుకొచ్చి దించుతుంది. సీడీకే (కణచక్రాన్ని నడిపే కైనేజ్) చురుగ్గా ఉన్నంతసేపు ఈ పని జరగదు, విభజన ముగిసి సీడీకే తగ్గాకే తలుపు తెరుచుకుంటుంది. పీఎల్‌కే1 కైనేజ్ దాన్ని ముందుకు నడిపిస్తుంది. పాతది ఉన్నచోటే కొత్తది చేరుతుంది కాబట్టి చోటు మారదు.

అంటే మైటాసిస్‌లో మీరు చూసే కణాల్లో ఒక్కో సిస్టర్ సెంట్రోమియర్‌కు సగం సరుకే ఉంటుంది. రెండు నమూనాల్లో సెన్‌ప్-ఏ చుక్కల ప్రకాశం పోల్చాలంటే రెండూ కణచక్రంలో ఒకే దశలో ఉండాలి. ఒకదాంట్లో జీ1 కణాలు ఎక్కువ, ఇంకోదాంట్లో జీ2 (ఎస్ దశకూ విభజనకూ మధ్య దశ) కణాలు ఎక్కువ అయితే లేని తేడా కనిపిస్తుంది. అలాగే ఎస్ఐఆర్ఎన్ఏ (ఎంచుకున్న ప్రొటీన్ తయారీని ఆపే చిన్న ఆర్ఎన్ఏ) వేసి 48 గంటల్లో చుక్కలు మాయం కాలేదని కంగారు పడేవాళ్లు చాలామంది. సెన్‌ప్-ఏ క్రోమాటిన్‌లో ఒకసారి దిగితే కదలదు, విభజనకొకసారి సగమవుతుంది, అంతే. రెండు విభజనలు జరిగితే నాలుగో వంతు మిగులుతుంది, కైనెటోకోర్ కట్టడానికి అదీ చాలు. త్వరగా తీసేయాలంటే ఆక్సిన్‌తో విచ్ఛిన్నమయ్యే ట్యాగు పెట్టిన కణాలు కావాలి.

పరిమాణం కూడా చెప్తాను. ఒక మానవ కణ వరుసలో లెక్కగట్టినప్పుడు ఒక్కో సెంట్రోమియర్‌కు సుమారు 400 సెన్‌ప్-ఏ అణువులు తేలాయి. చుట్టూ ఉన్న మామూలు హెచ్3తో పోలిస్తే ఇది చాలా కొద్ది. ఆల్ఫా శాటిలైట్ కొన్ని లక్షల నుంచి కొన్ని మిలియన్ల బేసు జతల దాకా సాగినా, సెన్‌ప్-ఏ అందులో ఒక చిన్న జాగాలోనే ఒత్తుగా ఉంటుంది. 2022లో టీ2టీ (క్రోమోజోములను కొస నుంచి కొస దాకా చదివిన) పూర్తి జీనోమ్ వచ్చాక ఆ జాగాలో డీఎన్ఏ మిథైలేషన్ కుంగి ఉంటుందని స్పష్టంగా కనిపించింది.

ఇప్పుడు మీ రాబర్ట్‌సోనియన్ కణాల సంగతి.

యాంటీబాడీల ఎంపిక. మూడు వేర్వేరు జంతువుల నుంచి వచ్చినవి తీసుకోండి: ఎలుక సెన్‌ప్-ఏ మోనోక్లోనల్, కుందేలు లేదా గినీపిగ్ సెన్‌ప్-సీ, మనిషి క్రెస్ట్ సీరం. అప్పుడు మూడింటినీ ఒకే స్లైడ్ మీద మూడు రంగుల్లో చూడొచ్చు. క్రెస్ట్ ఇక్కడ రెండు సెంట్రోమియర్లూ ఎక్కడున్నాయో చూపే గుర్తుగా పనికొస్తుంది, తీర్పు చెప్పేవి మిగతా రెండూ. సెకండరీలు (ఈ మూడు ప్రైమరీ యాంటీబాడీలను పట్టుకుని రంగు చూపే యాంటీబాడీలు) తప్పనిసరిగా ఇతర జాతులతో క్రాస్-అబ్జార్బ్ చేసినవే కావాలి. లేకపోతే మనిషి ఐజీజీకి వేసినది ఎలుక యాంటీబాడీని కూడా పట్టుకుంటుంది, మూడు రంగులూ అన్నిచోట్లా వెలిగి అద్భుతమైన తప్పుడు ఫలితం వస్తుంది. ఒక్కొక్క ప్రైమరీ మాత్రమే వేసి అన్ని సెకండరీలూ వేసిన కంట్రోలు స్లైడ్లు ఇందుకే. క్రెస్ట్ సీరం రోగి రక్తం నుంచి వచ్చిందని మరవకండి, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

స్లైడ్ తయారీ. క్యారియోటైపింగ్ (క్రోమోజోముల లెక్క, ఆకారం చూడటం) అలవాటున్నవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మామూలు మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం 3:1 ఫిక్సేటివ్‌లో (కణాలను ఉన్నట్టే నిలిపే ద్రవం) వేసిన కణాలు ఈ పనికి రావు. ఆమ్లం హిస్టోన్లను ఊడదీస్తుంది, మిగిలినవాటి రూపం చెడగొడుతుంది. చుక్కలు రాకపోతే చాలాసార్లు యాంటీబాడీ తప్పు కాదు, ఫిక్సేటివ్ తప్పు.

బదులుగా ఫిక్స్ చేయని కణాలను సైటోస్పిన్‌తో (కణాలను తిప్పి స్లైడ్ మీద పరిచే యంత్రం) స్లైడ్ మీదకు దించండి. దానికి ముందు కోల్సెమిడ్ (విభజనను మధ్యలో ఆపే మందు) మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము, ఒకటి నుంచి రెండు గంటలు. రాత్రంతా ఉంచొద్దు. ఎక్కువసేపు ఆపితే క్రోమోజోములు పొట్టిగా ముడుచుకుపోతాయి, సిస్టర్ క్రొమాటిడ్లు విడిపోవడం కూడా మొదలవుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు సెంట్రోమియర్లను వేరుగా చూడాలనుకునే మీకు అది మొదటికే మోసం. తర్వాత 75 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 37 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు. కణాలను లెక్కపెట్టి మిల్లీలీటరుకు లక్ష చొప్పున పలచన చేసి, నిమిషానికి 1,500 నుంచి 1,800 చుట్ల వేగంతో 8 నుంచి 10 నిమిషాలు తిప్పండి. కణాలు మరీ ఎక్కువైతే క్రోమోజోములు పరుచుకోవు, గుత్తుల్లా పడతాయి.

వెంటనే కేసీఎం బఫర్‌లోకి దించండి: 120 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, 20 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, పీహెచ్ 8 దగ్గర 10 మిల్లీమోలార్ ట్రిస్, 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ, 0.1 శాతం ట్రైటాన్. పది నిమిషాలు చాలు. ప్రైమరీలను కొంచెం బీఎస్ఏ (పశువుల సీరం ఆల్బుమిన్) కలిపిన అదే బఫర్‌లో గంటసేపు, సెకండరీలను 30 నుంచి 45 నిమిషాలు. స్లైడ్ మధ్యలో ఒక్కసారి కూడా ఆరకూడదు. ఫార్మాల్డిహైడ్ చివర్లో వేయండి, మొదట్లో కాదు. సెంట్రోమియర్ ప్రొటీన్లతో కిక్కిరిసిన చోటు. ముందే గట్టిగా క్రాస్‌లింక్ చేస్తే సెన్‌ప్-ఏ యాంటీబాడీకి లోపలికి దారి దొరకదు. యాంటీబాడీలు కట్టుకున్నాక 4 శాతం ఫార్మాల్డిహైడ్‌తో 10 నిమిషాలు ఉంచితే అవి అక్కడే నిలుస్తాయి.

పలచన ఎంత అని అడుగుతారు. సెన్‌ప్-ఏకి 1:100, 1:200, 1:500 మూడు స్లైడ్లు వేసి చూడండి. మామూలు క్రోమోజోముల మీద జంట చుక్కలు తేటగా వచ్చి, చేతుల మీద మసక లేని పలచనే మీది. వేరే ల్యాబు అంకెను కళ్లు మూసుకుని తీసుకోవద్దు, లాట్ మారితే అంకె మారుతుంది.

ఏది 13, ఏది 14? ఇది మీ ప్రశ్నలో లేదు, కానీ మిమ్మల్ని ఆపేది ఇదే. ఆల్ఫా శాటిలైట్ ప్రోబులతో ఫిష్ (రంగు తగిలించిన డీఎన్ఏ ముక్కలతో క్రోమోజోమ్ మీద ఒక వరుసను వెతికే పద్ధతి) చేయాలనుకుంటే, 13 ప్రోబు 21ని కూడా వెలిగిస్తుంది, 14 ప్రోబు 22ని కూడా వెలిగిస్తుంది. ఆ జంటల శాటిలైట్ వరుసలు దాదాపు ఒకటే. మీ ట్రాన్స్‌లొకేషన్ (అతుక్కుపోయిన) క్రోమోజోమ్ మీద 13, 14 ఉన్నాయని క్యారియోటైపు ద్వారా ముందే తెలుసు కాబట్టి రెండు రంగుల ప్రోబులు పనిచేస్తాయి. తెలియని మార్కర్ క్రోమోజోమ్ అయితే పొడవు చేతుల ప్రోబు కూడా తప్పదు.

ఫిష్ కోసం డీఎన్ఏను విడదీసే వేడి ఫార్మమైడ్ మీ యాంటీబాడీ సంకేతాన్ని సగం తినేస్తుంది. అందుకే ముందు ఇమ్యునో ఫొటోలు తీసి, ప్రతి మెటాఫేజ్ (విభజన మధ్యలో ఆగిన కణం క్రోమోజోములు) ఎక్కడుందో స్టేజి కోఆర్డినేట్లు రాసుకోండి. తర్వాత కవర్‌స్లిప్ తీసి, 3:1 ఫిక్సేటివ్‌లో కాసేపు ఉంచి, ఫిష్ చేసి, అవే మెటాఫేజులకు తిరిగి వెళ్లండి. ఓపిక కావాలి, అడ్డదారి లేదు.

ఫలితం ఎలా చదవాలి? క్రెస్ట్ రెండు చోట్లా, సెన్‌ప్-ఏ, సెన్‌ప్-సీ ఒకేచోట ఉంటే: రెండోది నిద్రపోయిన సెంట్రోమియర్. రెండు చోట్లా మూడూ ఉంటే రెండూ పనిచేస్తున్నాయి. ఇది అసాధ్యమేమీ కాదు. రెండు సెంట్రోమియర్ల మధ్య దూరం తక్కువైతే అవి కలిసి ఒకటిగా నడుస్తాయి. దూరం ఎక్కువైతేనే ఒకే క్రొమాటిడ్ రెండు ధ్రువాల వైపుకూ లాగబడి తెగుతుంది. బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్నలో తెగడం, అతకడం, వంతెన కట్టడం అనే చక్రాన్ని 1930ల చివర్లో చూపింది ఇలాంటి క్రోమోజోముల్లోనే. రాబర్ట్‌సోనియన్‌లో విరుపు సాధారణంగా పొట్టి చేతుల్లో, సెంట్రోమియర్‌కు దగ్గరలో ఉంటుంది కాబట్టి రెండూ చురుగ్గా ఉండే అవకాశాన్ని ముందే కొట్టేయకండి.

సెన్‌ప్-ఏ ఒకచోట ఎక్కువ, ఇంకోచోట మసకగా ఉంటే? సెన్‌ప్-సీ చూడండి. సెన్‌ప్-సీ కూడా ఉంటే అది బలహీనంగా పనిచేస్తున్నట్టే లెక్క. ఒక్కటే పెద్ద చుక్క కనిపిస్తే అది ఒకటో, రెండు కలిసిపోయినవో మామూలు మైక్రోస్కోపు చెప్పలేదు. 1.4 న్యూమరికల్ ఎపర్చర్ లెన్సుతో కూడా సుమారు 200 నానోమీటర్ల లోపు దూరం విడిపోదు. అప్పుడు క్రోమాటిన్ పోగులను సాగదీసిన స్లైడ్లు చేయాలి, లేదా సూపర్ రిజల్యూషన్ ఉన్న చోటికి వెళ్లాలి.

జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) తగిలించిన సెన్‌ప్-ఏను బలమైన వైరస్ ప్రొమోటర్ (జన్యువును నడిపే స్విచ్) కింద పెట్టి "యాంటీబాడీ అక్కర్లేదు" అనుకునే దారి మీకు ఎవరైనా సూచిస్తే వద్దనండి. సెన్‌ప్-ఏ మోతాదు మించితే హెచ్‌జేయూఆర్‌పీకి బదులు డాక్స్ అనే మరో చాపరోన్ దాన్ని క్రోమోజోమ్ చేతుల మీద దించేస్తుంది. అప్పుడు అంతటా వెలుగు, ఎక్కడా సమాచారం లేదు.

వెస్టర్న్ (జెల్లులో విడదీసిన ప్రొటీన్‌ను యాంటీబాడీతో చూసే పరీక్ష) కూడా చేయాలని గైడు అంటే ఒక్క మాట. సెన్‌ప్-ఏ క్రోమాటిన్‌లో ఉంటుంది. మామూలు లైసిస్ బఫర్‌తో తీసి, తిప్పి, పైతేటను మాత్రమే జెల్లులో వేస్తే బ్యాండు రాదు. పారేసిన ముద్దలోనే ఉంటుంది అది. మొత్తం కణాలను నేరుగా ఎస్‌డీఎస్ బఫర్‌లో మరిగించి సోనికేట్ చేయండి, 15 శాతం జెల్లు, 0.2 మైక్రాన్ మెంబ్రేన్ వాడండి. 17 కిలోడాల్టన్ల చిన్న ప్రొటీన్ కాబట్టి 0.45 మైక్రాన్ మెంబ్రేన్ గుండా దాటిపోతుంది. చిప్ సీక్వెన్సింగ్ (ప్రొటీన్ కూర్చున్న డీఎన్ఏను యాంటీబాడీతో లాగి చదవడం) దాకా వెళ్తే రీడ్లను (చదివిన ముక్కలను) పాత హెచ్‌జీ19 (మానవ జీనోమ్ పాత కూర్పు) మీద అలైన్ చేయొద్దు. అందులో సెంట్రోమియర్ల చోట ఖాళీలే ఉన్నాయి. టీ2టీ జీనోమ్ వాడండి. ఒకటి కంటే ఎక్కువ చోట్ల సరిపోయే రీడ్లను ఫిల్టరు చేసి పారేస్తే సెంట్రోమియర్ మొత్తం వాటితో పాటే పోతుంది.

రిపోర్టులో కనీసం 20, 30 మెటాఫేజుల లెక్క ఇవ్వండి, అన్నీ ఒకేలా ఉన్నాయా, కొన్ని కణాల్లో 13, కొన్నింట్లో 14 చురుగ్గా ఉన్నాయా అన్నది విడిగా రాయండి. రెండు రకాలూ కలిసి కనబడితే అది ప్రయోగ లోపం కానక్కర్లేదు. అయితే ప్రతి మెటాఫేజ్‌లోనూ మామూలు క్రోమోజోములన్నింటి మీదా జంట చుక్కలు వచ్చాయో లేదో ముందు చూడండి. అవి రాని మెటాఫేజ్‌ను లెక్కలోకి తీసుకోకండి, మీ ట్రాన్స్‌లొకేషన్ క్రోమోజోమ్ మీద చుక్క కనబడకపోవడానికి అక్కడ అర్థం లేదు.